చప్పుడు చెయ్యని తిమింగలం

"లాగు! లీవరు లాగరా పహిల్వాన్!"

"లాగానత్తా! పట్టడం లేదు!"

తిమింగలం కడుపులోంచి వచ్చిన ఆ కేక విని స్పానరత్త ఒక చెక్క దిమ్మ అందుకుంది. పోస్టాఫీసు ముందు వాలు మొదలై ఇంకా పది గజాలైనా కాలేదు. ఊరేగింపు కోసం వెదురు బద్దలు, గోనె గుడ్డలు, పాత పేపర్లతో కట్టిన ముప్పై అడుగుల తిమింగలం నాలుగు ఇనప చక్రాల మీద జనంలోకి దూసుకుపోతోంది. లోపలుండి తొయ్యాల్సిన ఆరుగురూ ఇప్పుడు దాన్ని వెనక్కి లాగబోయి, లాగలేక, దానితోపాటే ఈడ్చుకుపోతున్నారు. వీపు మీద నిలబడి పంపుతో నీళ్లు చిమ్ముతున్న మేనకోడలు పంపు వదిలేసి రెక్కను కావలించుకుంది.

"అత్తా!"

స్పానరత్త చెప్పులు వదిలేసి పరిగెత్తింది. చేతిలో ఉన్న చెక్క దిమ్మను ముందు చక్రం కిందికి విసిరింది. చక్రం దాన్ని అగ్గిపెట్టెలా నలిపేసి ముందుకు పోయింది. జనం అటొకరు ఇటొకరు గోడలకి అతుక్కుపోయారు. కింద మలుపులో పశువుల ఆసుపత్రి ప్రహరీ ఉంది. తిమింగలం మలుపు తిరగలేదు. మూతితో నేరుగా వెళ్లి గోడను గుద్దింది. వీపు మీదున్న పిల్ల గాల్లోకి లేచి గోడ అవతల పడింది.

తర్వాత గోడ అవతలనుంచి ఏడుపు వినిపించింది. ఏడుస్తోందంటే బతికుందన్నమాట. స్పానరత్త అక్కడే రోడ్డు మీద కూలబడింది.

భుజం ఎముక విరిగింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి తలుపు ఒకటి ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి నలుగురు హెల్త్ సెంటర్‌కి మోసుకుపోయారు. వెనకే పరిగెత్తుతున్న స్పానరత్త తమ్ముడు సగం దూరం వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగాడు. అందరి ముందూ అన్నాడు.

"బ్రేకు నువ్వే కదా వేశావు అక్కా?"

"నేనేరా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. నా కూతురి కాలు విరిచింది నీ బ్రేకు. ఇంక నా గడప తొక్కకు."

స్పానరత్త అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఏళ్ల కిందట భర్త పోతే, ఆయన సైకిల్ షాపు మూసేయకుండా స్పానరు తనే పట్టుకుంది. అప్పట్నుంచి చంటిపిల్లల దగ్గర్నుంచి పండుముసలి దాకా అందరికీ స్పానరత్తే. పడుకునేది షాపు వెనక గదిలో. తినేది మాత్రం రెండు పూటలా తమ్ముడింట్లోనే. ఆమెకంటూ ఈ లోకంలో ఉన్నది ఆ తమ్ముడు, మరదలు, ఆ పిల్ల. ఆ గడప మూసుకుపోతే ఇంక ఆమెకి వెళ్లడానికి ఇంకో గడప లేదు.

వెనకనుంచి హెడ్మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్లైనా ఆయన ఇంకా ఊరికి హెడ్మాస్టారే. ఊరేగింపు కమిటీ పెద్దా ఆయనే, మార్కులేసే జడ్జీ ఆయనే.

"నాలుగింటికి బడి వరండాలో కమిటీ కూర్చుంటుందమ్మా. రూలు నీకు తెలుసుగా. ఎవరి పని ఫెయిలైతే వాళ్లు మళ్లీ ఏ బండి మీదా చెయ్యి వెయ్యకూడదు. పిల్లకి దెబ్బ తగిలింది కాబట్టి పోలీసులకి కాగితం కూడా రాయాలి."

"నా బ్రేకు ఫెయిలవదు మాస్టారూ."

"ఫెయిలైంది కదమ్మా, కళ్లారా చూశాం."

గడియారంలో పదకొండున్నర. స్పానరత్త లేచి దుమ్ము దులుపుకుంది. కొంగు బిగించి తిమింగలం కడుపు కిందికి దూరింది.

బ్రేకు ఆమె సొంత బుర్ర. లారీ టైరు ముక్కల్ని చెక్క దిమ్మలకి మేకులతో కొట్టి, లీవరు లాగగానే ఆ రబ్బరు వెనక చక్రాల ఇనప అంచుల్ని కరిచిపట్టేలా చేసింది. నిన్న ఇదే వాలు మీద, కడుపులో పది ఇసక బస్తాలు వేసి మూడుసార్లు ఆపి చూపించింది. మూడుసార్లూ లాగినచోటే ఆగింది. మరి ఇవాళ ఏమైంది?

పహిల్వాన్ లీవరు లాగలేదా? మిల్లులో బస్తాలు మోసే మనిషి, వాడి చెయ్యి చూస్తే గేదె కూడా భయపడుతుంది. అయినా అనుమానం అనుమానమే. ముందు లీవరు చూసింది. చివరి పన్ను దాకా వచ్చి ఉంది, పైగా కొంచెం వంగి ఉంది. వాడు ప్రాణం పెట్టి లాగాడు.

తీగ తెగలేదు. మేకులు ఊడలేదు. రబ్బరు అరగలేదు.

రబ్బరు మీద వేలు పెట్టి రుద్దింది. వేలు సర్రున జారింది.

రెండో రబ్బరు చూసింది. అదీ అంతే. నూనె!

"పహిల్వాన్!" అని అరిచింది. "లీవరు లాగితే ఎలా ఉందిరా?"

బయట కూర్చుని మోచేతి గాయం మీద ఊదుకుంటున్నవాడు లోపలికి తొంగిచూశాడు. "వెన్నముద్ద మీద కత్తి పెట్టినట్టుందత్తా. కరవడమే లేదు. చప్పుడు కూడా రాలేదు."

చప్పుడు. స్పానరత్త వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ ఊళ్లో బండ్లకి నూనె పెట్టడం కొత్తేమీ కాదు. ఊరేగింపు రోజు పొద్దున్నే ప్రతి వీధిలోనూ అదే పని. ఎందుకంటే హెడ్మాస్టారికో పిచ్చి ఉంది. శకటం తన ముందుకి రాగానే ముందు కళ్లు మూసుకుంటారు. ఒక నిమిషం వింటారు. ఎక్కడ కీచుమన్నా, ఎక్కడ కిర్రుమన్నా మార్కు కోత. "పని తెలిసినవాడి బండి నోరు మూసుకుని నడుస్తుంది" అంటారాయన. పోయినేడు వీళ్ల పై వీధి బండి ఆయన ముందు ఒక్కసారి కీచుమంది, అర మార్కుతో ఓడిపోయింది. అందుకే ఊరంతా లారీ షెడ్డునుంచి నల్లటి పాత ఇంజనాయిల్ తెచ్చుకుని ఇరుసులకి, బందులకి, కీళ్లకి పూస్తారు. బ్రేకుకి మాత్రం ఎవడూ పుయ్యడు.

ఈ నూనె నల్లగా లేదు. తేనెరంగులో ఉంది. వాసన కూడా వేరు.

అంటే ఎవరో కావాలని పూశారు.

చావబోతున్న మనిషికి ప్రాణం లేచొచ్చినట్టైంది స్పానరత్తకి. బయటికి పాకి, వేలు పైకెత్తుకుని తిన్నగా హెల్త్ సెంటర్‌కి నడిచింది. వెనక పాతికమంది నడిచారు. తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు.

"ఒరే, చూడు. రబ్బర్లకి నూనె రాశారు. నా బ్రేకు ఫెయిలవ్వలేదురా, ఫెయిల్ చేశారు!"

తమ్ముడు ఆ వేలి వైపు చూశాడు. వంగి వాసన చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

"అవిసె నూనె," అన్నాడు. "రంగుల్లో కలిపే నూనె."

జనంలో కలకలం రేగింది. ఊళ్లో రంగులేసేవాడు ఒక్కడే. కింది వీధి పెయింటరు. కింది వీధి శకటానికి పెద్ద కూడా అతనే. మూడేళ్లుగా పై వీధితో నువ్వా నేనా అని పోటీ పడుతున్నవాడు.

"వాడే!" అన్నాడు తమ్ముడు. ఈసారి గొంతు గట్టిగా వచ్చింది. "నా కూతుర్ని చంపబోయింది వాడే. అక్కా, నన్ను క్షమించు. కోపంలో నోరు జారాను. సాయంత్రం ఇంటికి రా. నువ్వు లేకపోతే మీ మరదలు ముద్ద ముట్టదు."

గడప మళ్లీ తెరుచుకుంది. ఆ క్షణంలో పెయింటరు మీద ఆమెకి ఎంత కసి పుట్టిందంటే, జనంకంటే నాలుగడుగులు ముందే అతని షెడ్డుకి చేరింది.

పెయింటరు తన శకటం పక్కన నిచ్చెన మీద కూర్చుని ఉన్నాడు. నలభై అడుగుల గడియార స్తంభం. దాని ముల్లు ఇంకా పదిన్నర చూపిస్తోంది.

"రా వదినా," అన్నాడు. "పరామర్శకి వద్దామనుకున్నా. వస్తే తంతారని రాలేదు."

"తన్నడానికే వచ్చారు. అవిసె నూనె ఎక్కడ దాచావు?"

"అవిసె నూనా? నాకెందుకు?"

"రంగుల్లో కలపడానికి. నా బ్రేకులకి పుయ్యడానికి."

పెయింటరు నవ్వబోయి, గుమ్మంలో నిలబడ్డ జనాన్ని చూసి మానుకున్నాడు. నిచ్చెన దిగి, గోడవారగా వరసగా పెట్టిన డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీశాడు. "ముట్టుకో. అన్నీ నీళ్ల రంగులే. పేపరు మీద ఆయిల్ పెయింటు వేస్తే ఎండడానికి వారం పడుతుంది. నా దగ్గర అంత టైమెక్కడిది? అవిసె నూనె డబ్బా ఒకటుంది, అదిగో, పై అరలో. కిటికీలకి వేసి రెండేళ్లైంది."

స్పానరత్త డబ్బా దించింది. మూత తుప్పు పట్టి కరుచుకుపోయింది. బొడ్లో దోపుకున్న స్క్రూడ్రైవర్ తీసి మూత లేపింది. లోపల నూనె మీద తోలులాంటి మీగడ, చిరుగు లేకుండా గట్టిపడి ఉంది. ఈ డబ్బాలో ఈ మధ్య ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"ఇంకో డబ్బా ఉండొచ్చు కదా," అంది. గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"ఉండొచ్చు. రెండు ఏనుగులు కూడా ఉండొచ్చు, వెతుక్కో." పెయింటరు గొంతు తగ్గించాడు. "వదినా, ఒక్కమాట. నీ బ్రేకుకి నేను నూనె రాయాలంటే మీ తిమింగలం దగ్గరికి రావాలి. రాత్రంతా అది ఎక్కడుంది? మీ తమ్ముడి కలప షెడ్డులో. ఇవాళ పొద్దున మీవాళ్లు దాన్ని బయటికి తోసేదాకా దానికి తాళం. మా వీధివాడు ఆ చుట్టుపక్కలకి వస్తే మీ కుక్క కూడా ఊరుకోదు. నూనె రాసింది మీ ఇంటి మనిషే."

"నోరు ముయ్యి!"

"మూసుకుంటాలే. నాలుగింటికి ఎలాగూ అందరూ కలిసి మూయిస్తారు."

జనం అతని చొక్కా పట్టుకున్నారు. ఎవరో గడియార స్తంభం మీదికి రాయి విసిరారు. ముల్లు ఊడి కిందపడింది. స్పానరత్త అక్కడ నిలబడలేకపోయింది.

తాళం. ఆ షెడ్డుకి రెండు తాళంచెవులు. ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి ఆమె దగ్గర. ఆమె తాళంచెవి ఆమె మెళ్లోనే ఉంది. దారంతా దాన్ని తడుముకుంటూనే నడిచింది.

హెల్త్ సెంటర్‌లో నర్సు గుమ్మంలోనే ఆపేసింది. "ఆ చేతులతో పిల్లని ముట్టుకుంటారా? ముందు కడుక్కోండి."

కుళాయి కింద సబ్బు రుద్దింది. రెండుసార్లు రుద్దింది. నూనె పోయింది కానీ గోళ్ల కింద ఏదో తెల్లటి పూత మిగిలింది. వేలి మీద పడ్డ నీళ్లు తామరాకు మీద పడ్డట్టు గుండ్రంగా దొర్లిపోతున్నాయి. గోరుతో గీకి నలిపింది. మెత్తగా ఉండ కట్టింది.

మైనం.

చెయ్యి కుళాయి కిందే ఉండిపోయింది. పోయినేడు తన షాపు తలుపుకి రంగెయ్యమని ఇదే పెయింటర్ని పిలిచింది. అతను తలుపు మీద చెయ్యి రాసి, "దీనికి మైనం పాలిష్ పెట్టారు వదినా. మైనం మీద రంగు ఒక్కరోజు నిలవదు. మేం రంగుల పనివాళ్లం మైనాన్ని గుమ్మం లోపలికి కూడా రానివ్వం" అని వెళ్లిపోయాడు. ఆ తలుపుకి పాలిష్ పెట్టిందెవరు? అవిసె నూనెలో తేనెమైనం కరిగించి, బల్లలకీ తలుపులకీ పట్టించేవాడు ఊళ్లో ఎవరు?

వడ్రంగి. ఆమె తమ్ముడు.

"కాదు," అంది పైకే. నర్సు వింతగా చూసింది.

మంచం మీద పిల్ల కాలికి కట్టుతో, మత్తులో ఉంది. మరదలు పక్కనే కూర్చుని కునుకు తీస్తోంది. స్పానరత్త మంచం అంచున కూర్చుంది.

"అత్తా... మనం ఓడిపోయామా?"

"కాలు విరిగి పడుకుని మార్కుల గోలేంటే పిచ్చి మొద్దూ!"

పిల్ల నవ్వబోయి నొప్పికి మూలిగింది. "ఈసారి గెలిచేవాళ్లం. పొద్దున బండి ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదు తెలుసా?"

స్పానరత్త ముందుకు వంగింది. "నిన్న బ్రేకు కీచుమంది కదే?"

"నాన్న మాన్పించేశాడు. పొద్దున షెడ్డులో కిందికి దూరి చాలాసేపు ఉన్నాడు. తర్వాత లీవరు లాగి చూపించాడు. చప్పుడే లేదు. 'ఈసారి మాస్టారు చెవిలో గరాటు పెట్టుకున్నా ఏమీ వినపడదు' అన్నాడు. అత్తకి చెప్పకు, తిడుతుంది అన్నాడు." పిల్ల కళ్లు మూసుకుంది. "ఇప్పుడు చెప్పేశానుగా. తిట్టకు."

నిన్న సాయంత్రం తమ్ముడితో జరిగిన మాటలు స్పానరత్త చెవిలో గింగురుమన్నాయి. అక్కా, ఆ కీచుమనేది ఆపలేవా? ఆపలేనురా, బ్రేకు అరుస్తోందంటే పడుతోందని. దాని జోలికి మాత్రం పోకు. సరేలే అక్కా.

ఆమె లేచి నిలబడేసరికి గుమ్మంలో తమ్ముడు ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలీదు. ఆమె మొహం చూసి, నడవా చివరికి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది.

"మైనం పాలిష్ రాశావు," అంది.

"చప్పుడు పోవాలనే అక్కా. అంతే. నీమీద ఒట్టు."

"నా వేలు వాసన చూసినప్పుడే నీకు తెలిసిపోయింది."

తమ్ముడు నేల చూపులు చూశాడు.

"తెలిసి పెయింటర్ పేరు చెప్పావు."

"నువ్వు అందరి ముందూ వేలు పట్టుకుని నిలబడ్డావు! ఎవడో ఒకడి పేరు చెప్పాలి. ఏం చెప్పమంటావు? నా కూతురి కాలు నేనే విరిచానని చెప్పనా? మీ మరదలు నా మొహం చూస్తుందా? ఈ పిల్ల చూస్తుందా?"

"ఇందాక నా పేరు చెప్పావు. అయినా నేను చూశానుగా నీ మొహం."

అతను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా, విను. వాడికి ఊరేగింపు లేకపోతే కొంపలేమీ అంటుకోవు. ఊరు కూడా నాలుగు రోజుల్లో మర్చిపోతుంది. నువ్వేం అబద్ధం ఆడక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చో, చాలు. నీ కంచం నీకుంటుంది, నీ పిల్ల నీకుంటుంది. నోరు విప్పావనుకో..." ఆగిపోయాడు.

"ఊఁ. విప్పితే?"

"విప్పితే నాకు అక్క లేదు."

నాలుగయ్యేసరికి బడి వరండాలో చీమ దూరే సందు లేదు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. బల్ల వెనక హెడ్మాస్టారు కూర్చున్నారు. బల్ల ముందు పెయింటరు నిలబడ్డాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది, పెదవి చిట్లింది. వచ్చే దారిలో ఎవరో చెయ్యి చేసుకున్నారన్నమాట.

తమ్ముడు ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. స్పానరత్తని చూసి, ఆ కుర్చీ మీద చెయ్యి వేసి తట్టాడు. ఆమె వచ్చి కూర్చుంది.

"నూనె దొరికిన మాట నిజం," అన్నారు హెడ్మాస్టారు. "అది అవిసె నూనె అని వడ్రంగి గుర్తుపట్టాడు. పెయింటరు దగ్గర అవిసె నూనె డబ్బా ఉందని పాతికమంది చూశారు. నువ్వేమంటావయ్యా?"

"ఏమనను? పొద్దున్నుంచీ అంటూనే ఉన్నా, వినేవాళ్లేరీ?"

"పొగరు చూడు!" అని వెనకనుంచి ఎవరో.

"పోలీసులకి పట్టివ్వండి!" అని ఇంకెవరో.

"ముందు నాలుగు తగిలించి ఇవ్వండి!"

హెడ్మాస్టారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశారు. "పై వీధి శకటం బ్రేకుకి నూనె రాసినందువల్ల..." అని పైకి చదువుతూ రాశారు. కలం ఆగింది. తలెత్తి స్పానరత్త వైపు చూశారు.

"అమ్మా, బ్రేకు నీది. నూనె కనిపెట్టిందీ నువ్వే. పేరు నేను రాసేముందు నీ నోటితో చెప్పడం పద్ధతి. ఇతనేనా?"

స్పానరత్త లేచి నిలబడింది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు. కానీ అతని కాలు నేలమీద ఆగకుండా ఊగుతోంది.

"ఆ డబ్బా నేనే తెరిచాను మాస్టారూ. మూత రెండేళ్లుగా తీసింది కాదు. పైగా నా రబ్బర్ల మీద ఉన్నది ఒట్టి నూనె కాదు. మైనం కలిపిన పాలిష్."

వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

"అక్కా," అన్నాడు తమ్ముడు, ఆమెకి మాత్రమే వినపడేలా. "కూర్చో అక్కా."

ఆమె కూర్చోలేదు. ఎదురుగా పెయింటరు చిట్లిన పెదవిని చేత్తో తుడుచుకుంటూ, మొదటిసారి తలెత్తి ఆమెని చూశాడు.

"పాలిషా?" హెడ్మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "చప్పుడు పోవాలని ఎవరైనా..." అని, తన మాటకి తనే ఉలిక్కిపడి ఆగిపోయారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఎవరమ్మా రాసింది?"

తమ్ముడు ఆమె కొంగు పట్టుకున్నాడు. చిన్నప్పుడు బడికి వెళ్లనని మారాం చేస్తూ పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. స్పానరత్త ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసింది.

"మా తమ్ముడు మాస్టారూ," అంది. "ఇవాళ పొద్దున, వాడి షెడ్డులో, వాడి చేత్తో రాశాడు. రాసుకోండి."